ఎడిటర్ కోసేసిన పులిహోర

తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా చెప్పుకునే ‘కాశీయాత్ర చరిత్ర’ అచ్చయ్యేనాటికి దాన్ని రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు లేరు. 1830 మే నెలలో చెన్నపట్నం తండయారుపేట నుంచి పెద్ద పరివారంతో బయల్దేరి, కాశీ చూసుకుని, పదిహేను నెలల తరవాత ఇల్లు చేరారు. 1836లో కాలం చేశారు. పుస్తకం 1838లో వచ్చింది. అందుకని, నా మోటారుసైకిల్ యాత్రావ్యాసం పుచ్చుకున్న ఆస్ట్రేలియా పత్రిక నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నప్పుడు నేను పెద్దగా కంగారుపడలేదు. మన సంప్రదాయంలో ఇది మామూలే అనుకున్నాను. బీపీ మాత్రం ఓసారి చూపించుకున్నాను.

వీరాస్వామయ్యగారికీ నాకూ ఇంకో చుట్టరికం కూడా ఉంది. ఆయన బయల్దేరిన తండయారుపేటకి ఉత్తరాన, కూతవేటులోనే తిరువొత్తియూరు. ఎన్‌ఫీల్డ్ వాళ్ల పాత ఫ్యాక్టరీ అక్కడిదే. మా తాతగారి బుల్లెట్ అక్కడే పుట్టింది. నా బండి కూడా ఎన్‌ఫీల్డే, హిమాలయన్, 411 సీసీ. ఆస్ట్రేలియాలో నేనుండే విక్టోరియా రాష్ట్రంలో కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లు నడపొచ్చని ప్రభుత్వం ఇచ్చే జాబితాలో ఉంటుంది. అంటే అందులో ఉన్న బలం వల్ల ఎవరికీ ప్రమాదం లేదని సర్కారువారి నమ్మకం.

ఇక్కడ ఎదురొచ్చే బైకువాళ్లు మనల్ని చూసి తల ఊపుతారు. మొదట్లో నా బండిని చూసి జాలిపడుతున్నారనుకున్నాను. అది పలకరింపట. మనలాగే ఎడమవైపు నడిపే దేశం కాబట్టి ఎదుటివాడికి కనబడేది మన కుడిచెయ్యి. ఆ చెయ్యేమో యాక్సిలరేటర్ మీద ఉంటుంది. వదిలి నమస్కారం పెడితే బండి ఆగిపోతుంది. అందుకని తలకాయతో సరిపెట్టుకుంటారు. నాకిది బాగా నచ్చింది. ఏ ఊరు, ఏ వీసా, సొంతిల్లా అద్దిల్లా అని అడక్కుండా ఒక మనిషి ఇంకో మనిషిని పలకరించడం మెల్‌బోర్న్ తెలుగువాళ్ల మధ్య పదేళ్లు బతికినవాడికి ఎంత హాయో!

నేను రాసింది గ్రేట్ ఆల్పైన్ రోడ్డు గురించి. వాంగరాటాలో మొదలై, బ్రైట్ అనే ఊరు మీదుగా, మౌంట్ హాథమ్ కొండెక్కి, ఒమియోలో దిగి, బైర్న్స్‌డేల్‌లో తేలే మూడొందల పైచిలుకు కిలోమీటర్ల రోడ్డు. హాథమ్ శిఖరం 1,861 మీటర్లు. మన మన్యంలో అర్మకొండ సుమారు 1,680. లంబసింగిలో చలిమంట దగ్గర ఫొటో దిగి ‘ఆంధ్రా కాశ్మీర్’ అని పెట్టుకున్న మనిషిని నేను. హాథమ్ మీద ఏప్రిల్ గాలి ఆ పొగరంతా హెల్మెట్ సందుల్లోంచి లాగేసింది. అసలు ఆ రోడ్డు చేరకముందే, మెల్‌బోర్న్ దాటాక బ్లాక్ స్పర్ దగ్గర రోడ్డుకి రెండువైపులా మౌంటెన్ యాష్ చెట్లు, వంద మీటర్ల దాకా పెరగగల జాతి. మా ప్రకాశం జిల్లాలో పేపరు మిల్లుకి టన్నుల లెక్కన తూకం వేసే జామాయిల్‌కి ఇవి జమీందారీ చుట్టాలు.

ఇదంతా రాశాను. ఎలా రాశాను! తాతగారి బుల్లెట్‌తో మొదలుపెట్టి, కిక్ కొడుతూ ఆయన తిట్టే తిట్ల మీదుగా ఒంగోలు బస్టాండు చుట్టి, మూడో పేజీలో గాని ఆస్ట్రేలియాలో అడుగుపెట్టలేదు. బ్రైట్‌లో ఎర్రబడ్డ శరదృతువు ఆకుల మీద ఒక పేరా. ఒమియోలో చెట్టుకింద కూర్చుని, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర విప్పుకున్న ఘట్టానికి పేజీన్నర. ఇంగువ వాసనకి కంచె అవతలి గొర్రెలు తలెత్తి చూడటం ఆ ఘట్టానికి పతాక సన్నివేశం. చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి.

ఎడిటర్‌గారు జవాబిచ్చారు. “చాలా బాగుంది” అన్నారు. ఈ దేశంలో ఆ మాట తరవాత ‘కాకపోతే’ కోసం చూడాలి. వచ్చింది. రోడ్డు ఎలా ఉంది? కంకర ఎక్కడ పరిచారు? పెట్రోలు ఎక్కడెక్కడ దొరుకుతుంది? రాత్రి పడుకోడానికి చోటేది? ఇవి చెప్పాలట. బ్రైట్‌ ఆకులు మా పాఠకులందరూ చూసినవేనట. తాతగారు మంచివారేగానీ ఆయన ఆ రోడ్డు మీద ప్రయాణం చెయ్యలేదు కదా అన్నారు. పులిహోర గురించి ఏమీ అనలేదు. ఆ పేజీన్నర చుట్టూ ఎర్రగీత మాత్రం గీశారు.

మండింది. రాత్రి కాశీయాత్ర తీసి చదువుతూ పడుకుంటే ఇంకా మండింది. వీరాస్వామయ్యగారు చేసింది సరిగ్గా ఎడిటర్ అడిగిన పనే! ఫలానా ఊరికి ఇంత దూరం, దోవ ఇసకపర, బావి ఉంది, సత్రం ఉంది, అంగళ్లలో ముసాఫర్లకి కావలసినవి దొరుకుతాయి, ఏరు దాటడానికి పడవలున్నాయి. పల్లకీ ఎక్కినవాడు రాసినా, బోయీల కాలికింద ఏముందో చూసి రాశాడు. ఎడిటర్‌గారికి తెలుగు వచ్చుంటే నన్ను పక్కకి తోసి ఆయన వ్యాసాన్నే వేసుకునేవారు. మర్నాడు కూర్చుని, బ్రైట్‌లో ట్యాంకు నింపుకుంటే ఒమియో దాకా దిగులు లేదని, పొద్దువాలాక కంగారూలు రోడ్డెక్కుతాయి గనక ఆలోపు దిగిపోవాలని, పొడి పొడిగా రాసి పంపాను. వ్యాసం మూడోవంతుకి దిగింది. సెన్సారైన సినిమాలో హీరోయిన్ని చూసినట్టు చూసుకున్నాను.

ఆ తరవాత ఫొటోలు. మలుపులో బండి ఒరిగి వెళ్తున్నది ఒకటి కావాలన్నారు. ఒంటరిగా వెళ్లినవాణ్ణి ఎవరు తీస్తారు? వారాంతం చూసి మళ్లీ బయల్దేరాను. మలుపు పక్కన ట్రైపాడ్ పాతి, కెమెరాకి టైమర్ పెట్టి, పరుగెత్తి బండెక్కి, వెళ్లి, తిరిగొచ్చి చూస్తే ఖాళీ రోడ్డు. మళ్లీ పరుగు. ఈసారి వెనక చక్రం. అంత బరువు కోటు, ఆ బూట్లు వేసుకుని పరుగెత్తడం చూసినవాళ్లకి, బండి దొంగిలించి పారిపోతూ మనసు మార్చుకుంటున్నవాడిలా కనబడి ఉంటాను. ఒక రైతు ట్రక్కు ఆపి, వెనకాల కుక్కతో సహా నన్ను కాసేపు పరిశీలించి, “యూ రైట్, మేట్?” అన్నాడు. సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. దిగొచ్చి, కెమెరా అందుకుని, గడ్డిలో బోర్లా పడుకున్నాడు. పత్రికలో పడింది ఆయన తీసిన ఫొటోయే. ఓ మూల కుక్క తోక కూడా పడింది. ఎడిటర్‌గారు దాన్ని కొయ్యలేదు.

డబ్బు కూడా ఇస్తామన్నారు. తెలుగులో రాసే అలవాటున్నవాణ్ణి, ఆ వాక్యం రెండుసార్లు చదివాను. బిల్లు పంపాలట, బిల్లు మీద వ్యాపారస్తుల నంబరు ఏబీఎన్ ఉండాలట. నాకు లేదు. అది లేనివాడికి 75 డాలర్లు మించి చెల్లిస్తే అందులో 47 శాతం పన్ను కింద పట్టుకోవాలని ఇక్కడి నిబంధన. తప్పించుకునే దారి ఒకటుంది: ఒక ఫారం. ‘నేను చేసే ఈ పని వృత్తి కాదు, వ్యాపారం కాదు, కేవలం కాలక్షేపం’ అని చదివి, టిక్కు పెట్టి, సంతకం చెయ్యాలి. చిన్నప్పట్నుంచీ రచయితననిపించుకోవాలని తపించి, తీరా ఆ యోగం పట్టిన రోజున, నేను రచయితని కానని స్వదస్తూరీతో రాసిచ్చాను. అది కూడా బాల్‌పెన్నుతో, నల్ల సిరాతో. బరిలోకి దిగకముందే అస్త్రసన్యాసం చేశానన్నమాట.

చలికాలం మంచంతా కరిగాక సంచిక వచ్చింది. పేజీలు ఫొటోలు తీసి ఇంటికి పంపాను. అమ్మ ఫోన్ చేసింది. “ఒరే నాన్నా, హెల్మెట్‌లో మొహం ఏం కనపడలేదురా. నువ్వేనా?” అంది. నేనేనన్నాను. “బక్కచిక్కావు” అంది. మావయ్య ఇంగ్లిష్ మాస్టారుగా రిటైరైనవాడు, ఆయన చదువుతాడు కదా అని ఆశపడ్డాను. చదివాడు. పక్కన వేసిన బండి వివరాల డబ్బా మాత్రం చదివాడు. ఇక్కడ మైలేజీని మనలా చెప్పరు, వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు తాగిందో చెబుతారు. అక్కడ 3.5 అని ఉంది.

“ఏరా, మూడున్నరా?”

“అది అలా కాదు మావయ్యా, వందకి...”

“లారీ కూడా నాలుగిస్తుందిరా అబ్బాయ్. ముందా బండి అమ్మేయ్.”

మా ఆవిడ మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది. నిజం చెప్పాలంటే ఆ సంచికని అలా చదివిన మనిషిని ఇంతవరకూ ఇంకొకర్ని చూడలేదు. పేజీ తిప్పింది. వెనక్కి తిప్పింది. “మరి పులిహోరేదండీ?” అంది. ఎడిటర్ కోసేశాడన్నాను. ఒమియో పేరాలో నేను ఎవరిదో బేకరీలో మాంసం ‘పై’ తిన్నానని ఎలా ఉందని అడిగింది. పాఠకులకి ఊళ్లో ఏం దొరుకుతుందో చెప్పాలి కదా అన్నాను. “ఓహో, తెల్లారుజామున నాలుగింటికి లేచి చింతపండు గుజ్జు తీసింది గొర్రెల కోసమన్నమాట” అని వంటింట్లోకి వెళ్లింది.

మొన్న ఇక్కడి తెలుగు సంఘం కుర్రాడు ఫోన్ చేశాడు. “అన్నా, మీ ఆర్టికల్ అదిరింది. ఉగాది సావనీర్‌కి మీరు రాయాల్సిందే.”

“పులిహోర పెట్టొచ్చా?” అన్నాను.

“ఎంతైనా పెట్టుకోండన్నా, ఎవరు కోస్తారు? కాకపోతే ఒక ఫుల్ పేజీ యాడ్ పట్టుకురావాలి. మీ ఆర్టికల్‌కి ఎదురుగానే వేస్తాం.”

తెలిసిన హోమ్‌లోన్ బ్రోకర్లందరికీ చేస్తున్నాను. ఒకాయన ఒప్పుకునేలాగే ఉన్నాడు. పెట్రోలు ట్యాంకు మీద తన కంపెనీ స్టిక్కరు అంటించి ఫొటో దిగాలట. పెద్దది.