జబ్బు పేరు చెబుతాను, జాతకం చెప్పలేను

నేను ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపును. నా కాపురం చీకటి గదిలో. కిడ్నీలోంచి సూదితో తీసిన దారప్పోగంత ముక్కను గడ్డకట్టించి, పల్చగా కోసి, మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీలు వేసి నా కింద పెడతారు. నీలికాంతి పడగానే గ్లోమెరులస్ అనే సన్నని రక్తనాళాల చుట్టల మధ్య ఐజీఏ అనే ఒంటి యాంటీబాడీ పేరుకున్న చోటల్లా ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ వెలుగు ఎంతోసేపు నిలవదు. నా కాంతే దాన్ని మాపేస్తుంది. అందుకే డాక్టరమ్మ గబగబా ఫొటోలు తీసుకుంటుంది.

1968లో పారిస్‌లో జాన్ బెర్జె, నికోల్ ఎంగ్లే ఈ పద్ధతిలోనే ఐజీఏ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బును గుర్తించారు. మేం లేకపోతే దానికి ఆ పేరే లేదు.

చాలాకాలం దీన్ని సాధు జబ్బనుకున్నారు. గొంతునొప్పి వచ్చిన ఒకట్రెండు రోజులకు మూత్రం కోలా రంగులో పోతుంది, మళ్లీ తేటపడుతుంది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. ఆ ధీమా ఎంతమందిని ముంచిందో! బ్రిటన్‌లో రెండు వేలమందికి పైగా రోగులను ఏళ్ల తరబడి గమనించి 2023లో లెక్కలు ప్రకటించారు. సగంమందికి కిడ్నీలు పూర్తిగా చెడిపోవడమో, ప్రాణం పోవడమో జరిగింది. అప్పటికి వాళ్ల సగటు వయసు 48 ఏళ్లే. అయితే వాళ్లంతా ముందే ప్రొటీను పోతున్నవాళ్లు, లేదా కిడ్నీ పనితనం తగ్గినవాళ్లు. మూత్రంలో ఎర్రకణాలు తప్ప ప్రొటీను పోనివాళ్లు చాలామంది దశాబ్దాలపాటు బాగానే ఉంటారు. మన దేశంలో వెల్లూరు సీఎంసీ వైద్యులు రోగులను వెన్నంటి చూస్తే, ఇక్కడ జబ్బు మరింత వేగంగా ముదురుతోందని తేలింది.

నా కింద ఒకేలా వెలిగిన ఇద్దరిలో ఒకరు మనవళ్లను ఎత్తుకుంటారు, ఇంకొకరు ముప్పై నిండకముందే డయాలసిస్‌కు చేరతారు. మార్పిడి చేసిన కొత్త కిడ్నీలోనూ అదే ఆకుపచ్చ మళ్లీ కనిపించిన సందర్భాలున్నాయి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. ఎవరి దారి ఎటన్నది ఎక్కువగా తేల్చేవి మూత్రంలో పోయే ప్రొటీను, బీపీ, కిడ్నీలో అప్పటికే పడిన మచ్చలు. మచ్చలు మానవు. మిగతా రెండింటినీ తగ్గించే రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి పాత మాత్రలు ఊళ్లోని మందుల షాపుల్లోనే దొరుకుతాయి. డాక్టరు రాసిన ఆ మాత్రలను ఒంట్లో బాగుందని మానేయకండి. మూత్రం ఎర్రబడినా, నురగ ఆగకపోయినా నా దాకా రావడానికి ముందే మూత్రపరీక్ష, క్రియాటినిన్, బీపీ చూపించుకోండి.