ఎం.బుక్కు బావగారు

నీటిపారుదల శాఖలో ఏఈగా చేరి ఎస్‌ఈగా దిగిన మనిషి రిటైరవడమన్నది కాగితాల మీదే జరుగుతుంది. ఇలాంటివారు మీ బంధువుల్లోనూ ఒకరుండే ఉంటారు. పెళ్లికి పిలిస్తే, అక్షింతలు చేతిలో ఉండగానే కల్యాణమండపం స్లాబు వంక తలెత్తి చూస్తారు. గృహప్రవేశానికి పిలిస్తే, పాలు పొంగేలోపు గోడని వేలి మెటికతో కొట్టి "బోలుగా పలుకుతోందే" అని ఇంటాయన మొహంలో రక్తం లేకుండా చేస్తారు. ఆస్పత్రికి పరామర్శకి వెళ్తే, రోగి సంగతి అటుంచి ర్యాంపు వాలు ఎక్కువైందని నర్సుకి చెప్పి వస్తారు. మా పెద్దబావగారు ఆ కోవలో అగ్రగణ్యులు. వారితో టర్కీ వెళ్లొచ్చాను. అక్కడ నాకు జరిగిన అన్యాయాన్ని చెప్పుకోవాలనే ఇదంతా రాస్తున్నాను. అన్యాయం ఏమిటో సమయం వచ్చినప్పుడు చెబుతాను.

మేనల్లుడు జర్మనీలో ఉద్యోగం. జర్మన్లకి ఎండ మీద మోజు పుడితే టర్కీ దక్షిణ తీరానికి పరుగెత్తుతారు. మావాడికీ ఆ అలవాటు అంటింది. అమ్మానాన్నలని పిలిపించుకుంటూ "మావయ్యా, నువ్వూ రా" అన్నాడు. ప్రేమ అనుకున్నాను. బావగారి పక్కన నడవడానికి ఒక మనిషి కావాలన్నది దిగాక తెలిసింది.

ఊరి పేరు సిదే. అంతల్యాకి తూర్పుగా, మధ్యధరా సముద్రంలోకి చొచ్చుకుపోయిన చిన్న నేలముక్క. రెండువైపులా ఇసుక తీరం, నడుమ రోమన్ల కాలపు ఊరి శిథిలాలు. ఆ శిథిలాల సందుల్లోనే హోటళ్లు, తోలుసంచుల కొట్లు, దానిమ్మరసం బళ్లు. ఇక్కడి పాత నాణేల మీద కూడా దానిమ్మపండే ఉంటుంది. వ్యాపారం మారలేదన్నమాట. మధ్యయుగంలో ఊరు పూర్తిగా పాడుబడింది. పంతొమ్మిదో శతాబ్దం చివర క్రీటు దీవి నుంచి శరణార్థులుగా వచ్చిన ముస్లింలు ఆ రాళ్ల మధ్యే గుడిసెలేసుకుని పల్లె కట్టుకున్నారు. ఇప్పుడా పల్లే టూరిస్టుల ఊరు. ఈ చరిత్రంతా మేనల్లుడు కారులో చెబుతుంటే బావగారు కళ్లు మూసుకుని విని, ఒక్క ముక్కలో తేల్చేశారు: "అంటే మొత్తం ఎన్‌క్రోచ్‌మెంటే."

ప్రాచీన చరిత్రకారుడు అరియన్ ఈ ఊరి గురించి ఒక విడ్డూరం రాశాడు. కైమె అనే గ్రీకు నగరం నుంచి వలస వచ్చినవాళ్లు ఇక్కడ ఒడ్డున దిగీ దిగగానే గ్రీకు మరచిపోయి, ఇంకెవరికీ తెలియని భాష మాట్లాడటం మొదలెట్టారట. అక్కయ్య నిట్టూర్చి, వెనకసీట్లో జర్మన్లో కొట్లాడుకుంటున్న మనవల వంక చూసింది. "నయం, మనవాళ్లకి ఎల్‌కేజీ దాకా పట్టింది" అంది. మేనల్లుడు రేడియో శబ్దం పెంచాడు.

ఊరి ప్రధాన వీధిలో కొన్నిచోట్ల నేలకి అద్దాలు బిగించారు. పైన మనం నడుస్తుంటే కింద పాత ఇళ్ల గోడలు, గచ్చులు కనిపిస్తాయి. జనం వంగి చూసి ముచ్చటపడుతున్నారు. బావగారు వంగలేదు. మనవలని పక్కకి జరగమని, మడమ ఎత్తి అద్దం మీద ఠపీమని ఒక్కటి వేశారు. మళ్లీ వేశారు. పక్క కొట్టువాడు పరుగున వచ్చాడు. "ఎంత మందం?" అని బావగారు ఇంగ్లీషులో అడిగారు. వాడు జర్మన్లో తోలుసంచి ధర చెప్పాడు. "వీడికీ డ్రాయింగ్ ఇవ్వలేదు" అన్నారు బావగారు, జాలిగా.

వారి జేబులో ఎప్పుడూ ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉంటుంది. సర్వీసులో ఉన్నప్పుడు ఎం.బుక్కు, అంటే కొలతల పుస్తకం, ఎంత పవిత్రమో ఆ శాఖ వాళ్లకే తెలుసు. జరిగిన పని కొలత అందులో ఎక్కితేనే బిల్లు. ఎక్కకపోతే తాజ్‌మహల్ కట్టినా కట్టనట్టే. రిటైరై ఇన్నేళ్లయినా బావగారు ఏ ఊరు వెళ్లినా కొలతలు రాస్తారు. టేపు లేకపోతే అడుగులతో, అడుగు పెట్టనివ్వకపోతే జానలతో. ఎత్తుకి మాత్రం మా అక్కయ్య. "ఇందిరా, ఆ స్తంభం పక్కన నుంచో" అంటారు. పాపం, పెళ్లయిన కొత్తలో ఆవిడ ఫొటో కోసమనుకుని కొంగు సర్దుకునేదట. ఇప్పుడు కొంగు సర్దుకోదు, నవ్వదు, నిటారుగా నిలబడుతుంది. అక్కయ్య అయిదడుగుల ఒక్క అంగుళం. వారి ఆల్బంలో హళేబీడు, మహాబలిపురం, రోము, అన్నీ అక్కయ్య ఎత్తుతో గుణించి చూసుకోవచ్చు.

రోమన్ల సామూహిక మరుగుదొడ్డి దగ్గర వారు చాలాసేపు ఆగారు. అంగడి మైదానం మూలన రాతిబల్లలు, కింద నీరు పారే కాలువ. ఐస్‌క్రీం తింటున్న పిల్లలని అక్కడికి పిలిచి మరీ, నీరు ఎటునుంచి ఎటు పారేదో వివరించారు. పిల్లలు ఐస్‌క్రీం పారేశారు.

అయితే థియేటర్ దగ్గర నేను కాస్త మెత్తబడ్డాను. గ్రీకు థియేటర్లు మామూలుగా కొండవాలుకి ఆనించి కడతారు. మెట్ల బరువు కొండే మోస్తుంది. సిదేలో కొండ లేదు, నేలంతా చదును. కాబట్టి 15,000 మందికి పైగా కూర్చునే మెట్లలో పై సగం బరువంతా కమానుల మీద కమానులు పేర్చి మోయించారు. రెండో శతాబ్దం నాటి పని. బావగారు కింది కమానులోకి వెళ్లి, రాతి మీద అరచెయ్యి ఆనించి, పై మెట్టు మీది మనిషి బరువు ఏ రాయి నుంచి ఏ రాయికి దిగి చివరికి నేలకి ఎలా చేరుతుందో వేలితో గీసి చూపించారు. అంతకుముందు నాకది పెద్ద రాళ్లగుట్ట. ఆయన చెప్పాక ఆ బరువు దిగుతుండటం కంటికి కనబడింది. బయటికొస్తూ "పనివాడోయ్, ఎవడోగానీ" అన్నారు. అది వారి నోట వచ్చే అత్యున్నత ప్రశంస. అక్కయ్య గుత్తివంకాయకి ఇంతవరకూ దక్కలేదు.

ఆ వెంటనే మాతృదేశాభిమానం పొంగింది. "మన నాగార్జునకొండలో లేదూ ఇలాంటిది? మూడో శతాబ్దం. డ్యాము నీళ్లలో మునిగిపోతుందని అనుపులో మళ్లీ కట్టారు" అన్నారు. మాట నిజమే. ఇక్ష్వాకుల కాలం నాటి ఆ మెట్ల ప్రాంగణాన్ని సాగర్ నీళ్లు రాకముందే తరలించారు.

"మీరు చూశారా బావగారూ?"

"మాచర్ల ఇన్‌స్పెక్షన్ బంగళా దాకా చాలాసార్లు వెళ్లాను" అన్నారు, నడక వేగం పెంచి.

ఈ జాతికి సౌందర్యదృష్టి ఉండదని నేననను. అది అతుకుల దగ్గర ఉంటుంది. అపోలో గుడి దగ్గర నాకది రుజువైంది. ఆ గుడి నేలముక్క కొసన, సముద్రం అంచున ఉంటుంది. ఇప్పుడు నిలబడి ఉన్నవి అయిదు తెల్లటి పాలరాతి స్తంభాలు, వాటి నెత్తిన ఒక మూల దూలం, దాని మీద మెడూసా తలలు. భూకంపాల్లో పడిపోయినవాటిని టర్కీ తొలి మహిళా పురావస్తు శాస్త్రవేత్తగా పేరున్న జాలే ఇనాన్ 1980లలో లేపి నిలబెట్టించింది. సాయంత్రం అయ్యేసరికి లోకంలోని జంటలన్నీ అక్కడే. అస్తమించే సూర్యుణ్ణి రెండు స్తంభాల మధ్య ఇరికించి ఫొటో తీసుకోవడానికి తోపులాట. నేనూ ఉన్న చొక్కాల్లో మంచిది తొడుక్కుని వెళ్లాను. ఫోను బావగారి చేతికిచ్చి స్తంభాల ముందు నిలబడ్డాను. గాలి, సముద్రం, నారింజరంగు ఆకాశం, నేను కాస్త పక్కకి తిరిగి దూరంగా చూస్తున్నట్టు. "కొంచెం ఎడమకి" అన్నారు. జరిగాను. "ఇంకొంచెం." జరిగాను.

అదీ అన్యాయం. ఆ ఫొటో నా దగ్గరుంది. పాత రాయికీ కొత్తగా పెట్టిన రాయికీ మధ్య అతుకు స్పష్టంగా, సుందరంగా పడింది. కుడి అంచున ఒక భుజం ఉంది. చొక్కాని బట్టి అది నాదే.

"ఏమిటండీ ఇది?" అంటే, "చూశావా, కొత్తదేదో పాతదేదో తెలిసేలా వదిలారు. అదీ నిజాయితీ. మన దగ్గరైతే సున్నం కొట్టేద్దురు" అన్నారు. ఇంతలో ఒక ముసలి జర్మన్ జంట తమ ఫోను కూడా వారి చేతిలో పెట్టింది. ఆపుదామనుకున్నాను. అక్కయ్య నా చెయ్యి పట్టుకుని, "చూద్దాంరా, మనకే కాదుగా" అంది.

సిదేలో వారిని నిజంగా కదిలించింది గుడీ కాదు, థియేటరూ కాదు. ఓడరేవు. ఒకప్పుడు ఈ తీరంలో పేరుమోసిన రేవు ఇది. అలెగ్జాండరు క్రీ.పూ. 333లో వచ్చి ఇక్కడ దండు దింపి వెళ్లాడు. ఆ తర్వాత సముద్రపు దొంగలు తాము పట్టుకొచ్చిన మనుషులని ఈ రేవులోనే వేలం వేసేవారు, పాంపే వచ్చి వాళ్ల పని పట్టేదాకా. ఇవేవీ బావగారికి ఎక్కలేదు. మేనల్లుడు ఊరికే మాటవరసకి, "ఈ రేవులోకి ఎప్పుడూ ఇసుక మేటవేసేదట నాన్నా. ఎంత తీసినా మళ్లీ పూడిపోయేదట. ఎంతకీ తెగని పనిని అప్పట్లో సిదే రేవుతో పోల్చేవాళ్లట" అన్నాడు.

బావగారు ఆగిపోయారు. నీళ్లకేసి చూశారు. ఇప్పుడక్కడ విహారపు పడవలు ఊగుతున్నాయి. పక్కన హోటల్లో చేపలు వేగుతున్నాయి. "ఏటా పూడికతీత" అన్నారు మెల్లిగా. "ఏటా ఎస్టిమేట్. ఏటా టెండరు. తీశామంటే తీశామనాలి. నీళ్లకింద కొలత ఎవడు తీస్తాడు?" ఆ గొంతులో ముప్పయ్యేళ్ల సర్వీసు పలికింది. కృష్ణా డెల్టాలో పూడికతీత పనికి సంతకం పెట్టనన్నందుకు వారిని దూరపు డివిజన్‌కి బదిలీ చేసిన సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. వారెప్పుడూ నోరెత్తి చెప్పరు. ఆ సాయంత్రం కూడా చెప్పలేదు. రెండు గ్లాసుల టీ తెప్పించుకుని తాగారు, అంతే. చక్కెర వద్దని డాక్టరు చెప్పినా నాలుగు ముక్కలు వేసుకున్నారు. అక్కయ్య చూసి కూడా ఊరుకుంది.

రాత్రి భోజనాల దగ్గర వారు మళ్లీ మామూలయ్యారు. ఊరికి నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చేవని ఎవరో అన్నారు, నేనే అయుంటాను. మానవ్‌గట్ నది ఎగువ నుంచి సుమారు 30 కిలోమీటర్లు, కొండల్లో సొరంగాలు తొలిచి, లోయల మీద కమానుల వంతెనలు కట్టి, వాలుమీద నీళ్లు తెచ్చారు. మూడో శతాబ్దంలో అది పాడైతే లోల్లియానుస్ అనే స్థానిక ధనికుడు మరమ్మతులు చేయించాడని శాసనాలున్నాయి.

"సొంత డబ్బుతోనా?" అని బావగారు చెంచా కింద పెట్టారు.

"అవునట."

"బిల్లు పెట్టలేదూ?"

"లేదనుకుంటా."

చాలాసేపు నమ్మలేదు. చివరికి, "రేపు ఎగువకి వెళ్దాం" అని తీర్మానించారు. అక్కడ ఓయ్‌మాపినార్ ఆనకట్ట ఉందని అప్పటికే ఫోనులో చూసేశారు. "185 మీటర్లు. ఆర్చ్ డ్యాము, 1984లో పూర్తయింది. మన సాగర్ 124 మీటర్లే అనుకో, కానీ మనది రాతికట్టడం. ఆ లెక్క వేరు."

అక్కయ్య తువ్వాలు, టోపీ, నల్లకళ్లద్దాలు బల్లమీద వరసగా పెట్టింది. "నేను బీచికి పోతున్నాను. పిల్లలూ నాతోనే. ఆ డ్యాముకి కొలతకి ఎవరిని నిలబెట్టుకుంటారో మీ ఇష్టం" అంది.

బావగారు నన్ను పాదాల నుంచి నెత్తిదాకా ఓసారి చూశారు. జేబులోంచి పుస్తకం తీసి, కొత్త పేజీ తిప్పారు.

"చెప్పుల్లేకుండా ఎంతోయ్ నువ్వు?"