లివర్ లేని క్లచ్ ఆత్మకథ

1958 ఆగస్టులో జపాన్‌లో విడుదలైన హోండా సూపర్ కబ్ సి100కు ఎడమ చేతి దగ్గర క్లచ్ లివర్ లేదు. ఆ లివర్ పనిని ఇంజన్ లోపలే చక్కబెట్టింది సెంట్రిఫ్యూగల్ క్లచ్. ఇది ఆ క్లచ్ చెప్పుకున్న కథ. ‘నేను’ అనడం యంత్రానికి నప్పదని తన సంగతులు తన పేరుతోనే చెప్పుకుంది.

దాని పుట్టుకకు కారణం నూడుల్స్. ఒక చేత్తో సోబా నూడుల్స్ పట్టుకుని ఇళ్లకు చేరవేసే కుర్రాడు రెండో చేత్తోనే బండి నడపగలగాలని సోయిచిరో హోండా కోరిక. యాక్సిలరేటర్, ముందు బ్రేకు కుడి చేతికి తప్పవు కనుక ఎడమ చేతికి పని లేకుండా చేయాలి. ఇంజన్ 49 సీసీ, గేర్లు మూడు. గేర్లను ఉంచి లివర్‌ను మాత్రమే తీసెయ్యాలి. చిక్కంతా అక్కడే.

క్రాంక్ షాఫ్ట్ మీద క్లచ్ కాపురం. ఆయిల్‌లో తడిసే పలుచని ప్లేట్లు, వాటి పక్కన బరువులు, వాటిని లోపలికి లాగి ఉంచే స్ప్రింగులు. ఐడ్లింగ్‌లో ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. ఇంజన్ బలం గేర్లకు చేరదు. అందుకే ఫస్ట్ గేర్‌లో ఉన్న బండి సిగ్నల్ దగ్గర నిలిచినా ఇంజన్ ఆగిపోకుండా ఆడుతూనే ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పితే, తిరునాళ్లలో గొలుసు రాట్నం కుర్చీల్లాగా బరువులు బయటికి జరిగి ప్లేట్లను అదిమేస్తాయి. బండి కదులుతుంది.

ఇంతవరకు మోపెడ్ క్లచ్‌కూ చేతనవుతుంది. పరుగులో గేరు మార్చడమే అసలు పరీక్ష. ఇంజన్ జోరుగా తిరుగుతుంటే బరువులు ప్లేట్లను వదలవు, బలం పడుతున్న గేర్లు విడిపోవు. అందుకని గేర్ పెడల్‌కే రెండు పనులు అప్పగించారు. కాలు నొక్కిన మొదటి కాస్త దూరంలో లోపలి చిన్న లివర్ ఒకటి కదిలి ప్లేట్లను విడదీస్తుంది. ఇంకాస్త నొక్కితే షిఫ్ట్ డ్రమ్ము తిరుగుతుంది. దాని గాడుల వెంట జరిగే ఫోర్కులు కొత్త గేరును కలుపుతాయి. కాలు తీస్తే ప్లేట్లు మళ్లీ పట్టుకుంటాయి. అంటే లివర్ పూర్తిగా పోలేదు, చేతి నుంచి కాలికి మారింది. గేరు తగ్గించేటప్పుడు పెడల్‌ను నొక్కి ఉంచి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, మెల్లగా వదిలితే కుదుపు ఉండదు. బాగా రేజ్ చేసి ఠక్కున వదిలితే బండి ముందుకు దూకుతుంది. ఆ నింద క్లచ్ మీద వెయ్యడం న్యాయం కాదు.

పెద్ద గేర్‌లో బండి తీసినా ఇంజన్ ఆగదు కానీ, ప్లేట్లు చాలాసేపు జారి వేడెక్కి అరుగుతాయి. క్లచ్‌ను సరిచేయడానికి కబ్ తరహా బండ్లకు కుడివైపు కవర్ మీద లాక్ నట్, దాని మధ్యలో స్క్రూ ఉంటాయి. నట్ వదులు చేసి, స్క్రూను ఎడమకు అడ్డు తగిలేదాకా తిప్పి, అక్కడి నుంచి ఎనిమిదో వంతు చుట్టు కుడికి తెచ్చి నట్ బిగించాలి. మెకానిక్ పెట్టెలో స్పానర్, స్క్రూడ్రైవర్ ఉంటే చాలు.

సూపర్ కబ్ వరస బండ్లు 2017 నాటికి 10 కోట్లు తయారయ్యాయి. మన దేశంలో 2009లో వచ్చిన 110 సీసీ టీవీఎస్ జైవ్‌కూ క్లచ్ లివర్ లేదు. అది ఎక్కువ కాలం నిలవలేదు. గేరుతో పనిలేని స్కూటర్లు అప్పటికే ఇంటింటికీ చేరడం బహుశా ఒక కారణం.

పెద్ద బండ్ల దారి వేరు. 2010 నాటి హోండా వీఎఫ్ఆర్1200ఎఫ్‌లో ఒక రకానికి బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు ఇంకొకటి పెట్టారు. ఒకటి వదులుతుండగానే రెండోది అందుకుంటుంది. 2024 మోడల్ సీబీ650ఆర్‌లోని ఈ-క్లచ్‌లో బరువుల పనిని రెండు చిన్న మోటార్లు చేస్తాయి. గేరు కాలితోనే మార్చాలి. ఎడమ చేతి దగ్గర లివర్ కూడా ఉంది: పట్టుకుంటే మోటార్లు తప్పుకుంటాయి, వదిలేస్తే కొన్ని క్షణాలకు మళ్లీ పనిలోకి దిగుతాయి.