బూడిదరంగు సైన్యానికి జేజేలు

“మినియేచర్ పెయింటింగ్ నా హాబీ” అని ఎవరైనా చెబితే ఒకే ఒక్క ప్రశ్న అడిగి చూడండి: బ్రష్షు తడిసి ఎన్నాళ్లయింది? జవాబు రాదు. జవాబుకు బదులు అలమర తలుపు తెరుచుకుంటుంది. లోపల అడుగునుంచి పైదాకా వార్‌హ్యామర్ అనే బల్లమీది యుద్ధం ఆట బొమ్మల పెట్టెలు. స్పేస్ మెరీన్లు, ఓర్కులు, టిరానిడ్లు, ఎందుకు కొన్నాడో కొన్నవాడికే గుర్తులేని దయ్యాల రథం ఒకటి. అంతా బూడిదరంగు ప్లాస్టిక్కే. సగానికి సగం ఫ్రేములోంచి కత్తిరించను కూడా లేదు. ఇంగ్లండు ఆటగాళ్లు ఈ పోగును ముద్దుగా ‘సిగ్గుల గుట్ట’ అంటారు. ఆ సిగ్గుపడేవాడే దానికి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి పదిమందికీ పంపిస్తాడు.

పని కష్టమేం కాదు అనను. బొమ్మ ఎత్తు అంగుళం పైచిలుకు. దాన్ని నిప్పర్‌తో కత్తిరించి, అచ్చు మిగిల్చిన గీతను కత్తితో గీకి, జిగురు పెట్టి, ప్రైమర్ స్ప్రే కొట్టి, మూలరంగు వేయాలి. ఆపైన నల్న్ ఆయిల్ అని పల్చటి నల్లరంగు ఒకటుంది. బ్రష్షు ఆనిస్తే చాలు, తనంతట తానే పారుకుంటూ కవచం అతుకుల్లోకీ వేళ్ల సందుల్లోకీ దిగి ఆగుతుంది. అప్పటిదాకా చచ్చుగా ఉన్న ప్లాస్టిక్ ముక్కకు నీడా వెలుగూ వస్తాయి. అది చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఇక కళ్లు. ఆవగింజలో పదోవంతు తెల్లచుక్క, దాని నడుమ నల్లచుక్క. మోచేతులు బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి పెడితే ఒక కన్ను కుదురుతుంది. రెండోది పక్కవీధిలోకి చూస్తుంది. అందుకే తెలివైనవాళ్లు సైనికులందరికీ హెల్మెట్లు తగిలిస్తారు. ఇంకా తెలివైనవాళ్లు పెట్టే తెరవరు.

తెరవనందుకు కారణాలకు కొదవా? గాలిలో తేమ ఉంటే ప్రైమర్ గరుకుగా దిగుతుంది కాబట్టి వానాకాలం స్ప్రే కొట్టకూడదు. మాట నిజమే. అయితే ఈ మాట చెప్పేవాడు విశాఖలో ఉంటాడు, అక్కడ పన్నెండు నెలలూ తేమే. టైం లేదంటారు. 2019లో ఒక్క పూతతోనే నీడలతో సహా పని అయిపోయే కాంట్రాస్ట్ రంగులు వచ్చాయి. వాటినీ కొన్నారు, వరసగా పేర్చారు, మూతలు తీయలేదు. బ్రష్షుతో ఆలస్యమవుతోందని ఎయిర్‌బ్రష్షు కొన్నారు, దానికో కంప్రెసర్ కొన్నారు. ఇప్పుడది గుట్ట కదలకుండా అడ్డం పెట్టడానికి పనికొస్తోంది.

“నలుగురు స్నేహితులం కలిసి చేసే హాబీ అండీ ఇది” అంటారు. కలిసి చేసేదేమిటో చూద్దాం. హైదరాబాద్‌లో నలుగురి వాట్సాప్ గ్రూపు. “మామా, కొత్త పెట్టె వచ్చింది, సగం సగం?” “ఫిక్స్ రా.” 2023లో వచ్చిన లెవయథన్ పెట్టెలో 72 బొమ్మలు. మెరీన్లు పుచ్చుకున్నవాడికి 25, టిరానిడ్లు పుచ్చుకున్న అమాయకుడికి 47. అది కూడా ఎలా తెప్పించాలి? బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి ఎక్కింది. కాబట్టి డాలస్ బావగారి సూట్‌కేసే రాచబాట. ఇటునుంచి గోంగూర పచ్చడి, అటునుంచి టిరానిడ్లు. పంపకాల దాకా స్నేహం బ్రహ్మాండం. అదే నలుగురూ ఒక శనివారం ఒక బల్ల చుట్టూ నాలుగు బ్రష్షులు, ఓ గ్లాసు నీళ్లు పెట్టుకు కూచుంటే చేతులు పనిలో పడి నోళ్లు వాటంతటవే కబుర్లలో పడతాయి. ఆ శనివారమే రాదు. వచ్చినా ఆటకే పోతుంది. “ఈ బూడిదోడు కెప్టెన్ అనుకో, ఆ బూడిదోడు జెండా పట్టుకున్నాడనుకో.” దసరా కొలువులో రంగు వేయని బొమ్మ పెడితే అమ్మమ్మ ఊరుకుంటుందా? వీళ్లు పద్ధతిగా యుద్ధమే నడిపేస్తారు. ఆట నిబంధనల పుస్తకం 2020 నాటి తొమ్మిదో కూర్పు నుంచి రంగు వేసిన సైన్యానికి నూటికి పది పాయింట్లు ఊరికే ఇస్తున్నారు. “మనలో మనకెందుకులే” అని ఆ నిబంధనను ఏకగ్రీవంగా మడిచి పక్కన పెడతారు. ఈ గ్రూపులో ఏకగ్రీవమైనది అదొక్కటే. ఓడినవాడు మటుకు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాచిక వాలుగా పడిందని పోట్లాటకు దిగుతాడు.

హెచ్.జి. వెల్స్ అదృష్టవంతుడు. 1913లో ‘లిటిల్ వార్స్’ రాసేనాటికి బొమ్మ సైనికులు దుకాణంలోనే రంగులు వేసుకుని వచ్చేవి. ఆయన పని నేలమీద పాకుతూ స్ప్రింగు ఫిరంగితో వాటిని పడగొట్టడమే. 1975లో లండన్‌లో ముగ్గురు స్నేహితులు చెక్కతో ఆటపలకలు చేసి అమ్ముతూ మొదలుపెట్టిన, ఈ వార్‌హ్యామర్ తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్, ఇప్పుడు నాటింగ్‌హామ్‌లో కూచుని, అంతకంటే ఒక మెట్టు పైకి ఆలోచించింది. రంగు వేసే పని కొన్నవాడికే వదిలేస్తే బొమ్మా అమ్మొచ్చు, రంగూ అమ్మొచ్చు, బ్రష్షూ అమ్మొచ్చు, రంగు వేయలేదన్న దిగులు పోవడానికి ఇంకో బొమ్మా అమ్మొచ్చు. పైగా 2017, 2020, 2023 అంటూ మూడేళ్లకోసారి కొత్త నిబంధనల పుస్తకం.

రంగులు వేసిన బుద్ధిమంతులు బాగుపడ్డారా అంటే అదీ లేదు. 1983 నాటి పాత వార్‌హ్యామర్‌ను కంపెనీ 2015లో అటకెక్కించి, బొమ్మల కాళ్ల కింది చదరపు దిమ్మెల బదులు గుండ్రటి దిమ్మెల మీద కొత్త ఆట దింపింది. కడుపుమండి ఒకాయన తన సైన్యాన్ని తగలబెట్టి వీడియో తీశాడు. మిగతావాళ్లు రంగు చెదరకుండా వందల బొమ్మల కాళ్లు ఊడదీసి గుండ్రటివాటికి అతికించుకున్నారు. 2024లో ‘ది ఓల్డ్ వరల్డ్’ అని చదరపు దిమ్మెలు మళ్లీ వచ్చాయి. ఈ తొమ్మిదేళ్లలో ఒక్క చుక్క రంగు గానీ జిగురు గానీ దండగ చేయనివాడు, అట్టపెట్టె సీలు కూడా విప్పని మన సోమరే. దూరదృష్టి అని ఇప్పుడు వాడు చెప్పుకుంటే కాదనడానికి నోరు రాదు.

ఆ 2024 డిసెంబరులోనే కంపెనీ లండన్ మార్కెట్‌లో ఎఫ్‌టీఎస్‌ఈ 100లోకి ఎక్కింది, బ్యాంకులూ చమురు కంపెనీల సరసన. బొమ్మకు కళ్లు దిద్దుతూ కూచునేవాడు పెట్టె పూర్తిచేసేసరికి ఏడాది తిరిగిపోతుంది, అప్పటిదాకా ఇంకోటి కొనడు. కళ్ల జోలికి పోనివాడికి అంత తాత్సారం దేనికి?