ఇంగ్లీషు చెప్పడానికి విదేశం వెళ్తున్నారా? ఈ సలహాలు వినకండి

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు కువైట్‌కో దుబాయికో వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. అందుకే ఇంగ్లీషు టీచరుగా విదేశం వెళ్తానని ఎవరన్నా అంటే చాలు, సలహాలకు కొదవ ఉండదు. చెప్పేవాళ్లది మంచి మనసే. సలహాలు మాత్రం చెడ్డవి.

‘ముందు ఆ గోదావరి యాస వదిలించుకోవే’ అంటారు. స్పష్టంగా పలకడం తప్పకుండా నేర్చుకోండి. అమెరికావాళ్లలా పలకడానికి డబ్బు తగలేయకండి. చాలాచోట్ల అడ్డం పడేది మన నోరు కాదు, పాస్‌పోర్టు. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు బోధనకిచ్చే ఈ-2 వీసా మామూలుగా 7 దేశాల పౌరులకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ఎంత బాగా మాట్లాడినా లాభం లేదు, ఆ జాబితాలో మన దేశం లేదు. అయితే 2010 జనవరిలో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందం వల్ల టీచరు అర్హత ఉన్న భారతీయులు అక్కడి స్కూళ్లలో ఇంగ్లీషు సహాయ ఉపాధ్యాయులుగా చేరే వీలుంది. యాస క్లాసులకు పెట్టే డబ్బు బీఎడ్‌కి పెట్టండి. లేదా కేంబ్రిడ్జి వాళ్ల సెల్టా అనే ఇంగ్లీషు బోధన కోర్సు చేయండి. అందులో 6 గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పి చూపించాలి.

‘మాతృభాష ఇంగ్లీషని రాసెయ్, ఎవడు చూస్తాడు?’ వీసావాళ్లు చూస్తారు. అబద్ధం బయటపడితే ఆ ఉద్యోగమే కాదు, ఆ దేశానికి మళ్లీ వెళ్లే దారి కూడా మూసుకుపోవచ్చు.

‘ఫొటోలో రంగు కాస్త తెల్లగా చేయించు.’ నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే సలహా ఇదే. పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషే మాట్లాడే నల్లజాతి అమెరికన్లను కూడా ఆసియాలో కొన్ని స్కూళ్లు ఫొటో చూసి వద్దన్నాయి. అమెరికాలో పుట్టిన ఆసియా సంతతి వాళ్లకూ అదే అనుభవం. అంటే వాళ్లకు కావలసింది భాష కాదు, తెల్ల ముఖం. ఆ తప్పు వాళ్లది. దానికోసం మీ ముఖం మార్చుకోవద్దు.

‘తక్కువిచ్చినా ఒప్పుకో, అక్కడి తెల్ల టీచర్లకు ఇంగ్లీషు పుట్టుకతో వచ్చింది.’ ఈ నమ్మకానికి ఒక చరిత్ర ఉంది. 1961లో ఉగాండాలోని మకెరెరేలో జరిగిన కామన్వెల్త్ సమావేశంలో ఇంగ్లీషుకు ఆదర్శ గురువు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాడేనన్న భావన బలపడింది. అది ఆధారం లేని నమ్మకమని రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో పుస్తకమే రాశాడు. ఇంగ్లీషు టీచర్ల అంతర్జాతీయ సంఘం టీసోల్ 2006లో మాతృభాష ఇంగ్లీషు కాని టీచర్ల పట్ల వివక్షను ఖండిస్తూ ప్రకటన చేసింది. జీతం మాట్లాడేటప్పుడు ఆ ప్రకటన ముందు పెట్టండి. ఇంటి అద్దె, టికెట్టు, సెలవులు సంతకానికి ముందే కాగితం మీద రాయించుకోండి.

మన దగ్గర ఉన్నది తక్కువ సరుకేమీ కాదు. తెలుగులో ‘ఎ’, ‘ద’ లాంటి ఆర్టికల్స్ లేవు. కొరియన్‌లో, జపనీస్‌లో, చైనీస్‌లో, థాయ్‌లో కూడా లేవు. కొరియన్, జపనీస్ వాక్యాల్లో మనలాగే క్రియ చివర వస్తుంది. సియోల్‌లో పిల్లవాడు ఎక్కడ తడబడతాడో, ఎందుకు తడబడతాడో రాజోలులో తడబడి నేర్చుకున్న టీచరుకు తెలుసు. తడబడకుండా నోటికొచ్చిన భాషను ఇంకొకరికి విడమరచి చెప్పడం వేరే విద్య. అది పుట్టుకతో రాదు.

ఇంకొక్క మాట. ఇది మన ఊళ్ల స్కూలు యజమానులకు. ‘కేరళ టీచర్లచే ఇంగ్లీషు బోధన’ అని ఆంధ్రాలో ప్రైవేటు స్కూళ్లు ఏళ్ల తరబడి బోర్డులు పెట్టుకున్నాయి. కేరళ నుంచి వచ్చిన టీచర్లు కష్టపడి చెప్పారు, వాళ్లను తప్పుపట్టను. కానీ అమలాపురం ఎస్‌కేబీఆర్ కాలేజీలో చదివి ఎమ్మే ఇంగ్లీషు చేసిన మన అమ్మాయిని ‘లోకల్’ అని పక్కన పెట్టడం, సియోల్‌లో మన ఫొటో చూసి పక్కన పెట్టడం ఒకటే. టీచరును తీసుకునేటప్పుడు ఊరు అడగకండి. క్లాసులో నిలబెట్టి ఒక పాఠం చెప్పించుకుని వినండి.