కేకు కోస్తారు, కుర్చీ వెయ్యరు

మా రోజుల్లో కువైట్ ఫర్వానియాలో నేను పనిచేసిన బకాలాలో (కిరాణా కొట్టులో) గల్లాపెట్టె దగ్గర ఒక మలబారాయన ఉండేవాడు. ఇక్కడికొచ్చాకే లారీ కింద పడి కాలు పోయింది. మా కఫీల్‌కి (మా వీసా యజమానికి) చట్టాలూ గిట్టాలూ తెలీవు. "లెక్క తప్పడు, అది చాలు" అని ఎత్తుగా ఒక స్టూలు చేయించాడు. పై అరల్లో డబ్బాలు మేం దించేవాళ్లం, అరువు పద్దులు ఆయన రాసేవాడు. దానికి మీటింగుల్లేవు, ఫోటోల్లేవు.

ఇప్పుడో? ఏసీ సూపర్‌మార్కెట్లో క్యాషియర్ పిల్ల షిఫ్టంతా నిలబడే ఉంటుంది. కుర్చీ వెయ్యరేమని ముదీర్‌ని (మేనేజరుని) అడిగితే, కూర్చుంటే బద్ధకంగా కనిపిస్తారట! కాళ్లు బాగున్నవాళ్లకే దిక్కులేదు, ఇక బాగాలేనివాళ్ల సంగతి చెప్పాలా?

చట్టం లేక కాదు. 2010లో వచ్చిన 8వ నంబరు చట్టం ప్రకారం 50 మందికి తగ్గకుండా కువైటీలున్న సంస్థ, ప్రైవేటుదైనా సరే, కనీసం 4 శాతం ఉద్యోగాలు వికలాంగ కువైటీలకివ్వాలి. లెక్కంతా కువైటీలదే. హోటళ్లలో ఉల్లిపాయలు తరిగేదీ, గిన్నెలు తోమేదీ మనవాళ్లు. ఆ లెక్కలోకి రారు. పనిలో దెబ్బ తగిలితే అదే ఏడాది 6వ నంబరు కార్మిక చట్టం వైద్యం ఖర్చు యజమాని మీద వేసింది. చికిత్స సాగినన్నాళ్లు ఆరు నెలలదాకా పూర్తి జీతం, ఆ తర్వాత సగం. డబ్బు సరే, వేలు పోయినవాడికి పోయిన వేలితోనే చెయ్యగల పని చూపించేదెవరు?

అడిగితే యజమానులది ఒకటే పాట: "మాకిష్టమే, కస్టమర్లు ఆగరు, నేర్పే తీరిక లేదు." మా రోజుల్లో హోటల్లో ఆర్డరంటే వంటగదిలోకి గావుకేక. ఇప్పుడంతా స్క్రీన్ మీదే వస్తుందాయె! చెవులు వినపడనివాడికి ఇంతకన్నా సుళువైన కాలం ఎప్పుడొచ్చింది? పని సుళువైంది, సాకులు పెరిగాయి.

మా రోజులు బంగారమని అననులెండి. ఆ కఫీల్ మంచోడు గనక మలబారాయన బతికిపోయాడు. పక్క కొట్టువాడైతే మర్నాడే ఊరికి టికెట్ చేతిలో పెట్టేవాడు. అప్పట్లో వికలాంగ కువైటీ పిల్లలు కౌంటర్ వెనక నిలబడగా నేను చూడనే లేదు. ఈమధ్య ఒక కాఫీ షాపులో ఒకణ్ని చూశా. కప్పు ఒలక్కుండా తెచ్చి పెట్టాడు, సంతోషమేసింది.

డిసెంబరు 3 వికలాంగుల దినమని మాల్‌లో బెలూన్లు కట్టి కేకు కోస్తారు. కోసుకోండి, నాకేం! 4వ తేదీ షిఫ్టు జాబితాలో వాళ్ల పేరు ఒక్కటైనా ఉందేమో, అదొక్కటి చూపించండి.