పాకశాలా జీర్ణోద్ధరణము

దేవాలయమునకు జీర్ణోద్ధరణము చేయించినవాడు పుణ్యలోకమునకు పోవునని పెద్దలు చెప్పుదురు. వంటయింటికి జీర్ణోద్ధరణము తలపెట్టినవాడు మాత్రము ముందుగా పోవునది వీధి చివరి భోజనహోటలునకు. ఐనను తెనాలిలో మా నాయనగారు కట్టించిన యింటియందలి పాకశాల, మూడు తరముల పొగను దిగమ్రింగి, గోడలయందు కృష్ణవర్ణమును, తలుపులయందు జిడ్డును, కిటికీచువ్వలయందు ఆ రెండింటి సమ్మేళనమును ధరించి యుండుటచేత, ఉద్ధరణము తప్పనిదయ్యెను.

కట్టెపొయ్యి నాటి గది యది. పిమ్మట కుంపటియు, కిరసనాయిలు స్టవ్వును, తుదకు గ్యాసును వచ్చినవి గాని, క్రొత్తది వచ్చినపుడు ప్రాతది పోవు ఆచారము మా యింట లేనందున, అవన్నియు అటకమీదికెక్కి, ఇత్తడి గుండిగల సరసన వానప్రస్థము ననుభవించుచున్నవి. గట్టు కడప నాపరాయి. అది సున్నపుజాతి శిల యగుటచే పులుపు సోకినచోటనెల్ల నునుపు చెడి తెల్లబారును; కావున మా అమ్మగారు ఏ మూల నిమ్మకాయ పిండిరో, ఏ మూల చింతపండు పులుసు పొంగించిరో, ఆ చరిత్ర యంతయు ఆ రాతిపై చదువుకొనవచ్చును.

“లక్షన్నరకు పైసా మించరాదు” అని గృహసభయందు నేను ప్రకటించితిని. దేశమునందు బడ్జెట్టు ప్రకటించిన మరుక్షణమున విమర్శకులు పుట్టుదురు. మా యింట సలహాదారులు పుట్టిరి.

మొదటివాడు మాడ్యులర్ కిచెన్ల దుకాణమునందలి యువకుడు. అతడు కంప్యూటరు తెరపై మా వంటయింటి భవిష్యద్రూపమును చూపెను. అందు గోడలు తెలుపు, అరలు తెలుపు, గట్టు తెలుపు. పోపులడబ్బా గాని, మూకుడు గాని, మసిగుడ్డ గాని మచ్చునకొక్కటి లేదు. ఒక పాశ్చాత్యసుందరి యాపిలుపండు చేతబట్టుకొని, వంటతో తనకేమియు పనిలేదన్నట్లు నవ్వుచుండెను. “మధ్యలో ఐలాండ్ పెట్టిద్దాం సార్” అనెను. పది అడుగుల పొడవును ఎనిమిది అడుగుల వెడల్పును గల గదిలో ద్వీపము నెలకొల్పినచో, చుట్టును సముద్రమునకు చోటెక్కడిది? అంచనా అయిదు లక్షలని విన్నంతనే మేము ఒడ్డుచేరితిమి.

రెండవవాడు వడ్రంగి. “మెరైన్ ప్లై వేయించండి సార్, పడవలకి వాడే రకం” అనెను. మా సింకు క్రింది గొట్టము చిరకాలముగా కారుచున్నదగుటచే, అచటి కొయ్య నౌకాయోగ్యమై యుండుట ఉచితమేనని నాకును తోచినది. ఆ జాతి ప్లైవుడ్డును 72 గంటలు నీట మరిగించినను పొరలు విడిపోరాదని భారతీయ ప్రమాణము. అంతటి పరీక్షకు నిలువగల పదార్థము అంతవరకు మా వంటయింట పోయిన సంక్రాంతికి కొన్న కందిపప్పు ఒక్కటియే.

మూడవవాడు నా బావమరిది. అతడు వాస్తుశాస్త్రము నభ్యసించినవాడు కాడు. దానిని సెల్‌ఫోనులోనికి దింపుకొన్నవాడు. “పొయ్యి ఆగ్నేయంలో, నీళ్ళు ఈశాన్యంలో ఉండాలి బావగారూ, వండే మనిషి తూర్పు చూడాలి” అని విధించి, ఫోనులోని దిక్సూచిని చేతబట్టి గదికి ప్రదక్షిణము చేసెను. ఇనుము దాపున దిక్సూచి దారితప్పుట ప్రకృతిధర్మము గనుక, ఫ్రిజ్జు కడ నొక ఆగ్నేయమును, గ్యాసుబండ కడ వేరొక ఆగ్నేయమును పొడసూపగా, ఇంత చిన్న గదిలో అగ్నిదేవునకు ఇన్ని నివాసములు గలవా యని మేము విస్తుపోతిమి. విరాటుని కొలువున వలలుడై వండిన భీమసేనుడు ఏ దిక్కు చూచి గరిటె త్రిప్పెనో ఎవ్వరును విచారింపలేదు. ఐనను ఆయన పాకమునకు గలిగిన కీర్తి నేటికిని చెడలేదు.

కుళాయిని ఈశాన్యమునకు జరుపుట కెంతయగునని అడుగగా, తాపీమేస్త్రి నేలవంక చూచి, “గోడ పగలగొట్టాలి, నేల తవ్వాలి, పైపులన్నీ కొత్తగా వెయ్యాలి. ఇంతా చేస్తే నీళ్ళు తూముకి పోవండి. నీళ్ళు వాస్తు చూడవు బాబుగారూ, వాలు చూస్తాయి” అనెను. ఇంతటి సూత్రమును నేనే గ్రంథమునందును చదివి యుండలేదు. స్వల్పవ్యయమున వంటయింటిని మార్పదలచినవారు కంఠస్థము చేయవలసిన దిదియే: నీటిని, నిప్పును ఉన్నచోట నుండనిచ్చినచో, ధనములో పెద్దపాలు పెట్టెలోనే యుండును.

నాల్గవ సలహాదారుడను నేను. నాది పుస్తకజ్ఞానము. 1926లో ఆస్ట్రియా దేశపు వాస్తుశిల్పిని మార్గరెటె షుట్టె-లిహొట్స్కీ, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు క్రొత్త నివాసములకై, రైలుబండిలోని వంటగది నాదర్శముగా గొని, వండునామె వేయు అడుగులను గడియారముతో కొలిచి, ఆరున్నర చదరపు మీటర్ల చోటున, నేటి మాడ్యులర్ కిచెన్లకెల్ల మాతామహి యనదగిన పాకశాలను రూపొందించెననియు, అట్టివి ఇంచుమించు 10,000 కట్టబడెననియు మా ఇల్లాలికి సవిస్తరముగ వినిపించితిని. ఆమె వంకాయలు తరుగుచు అంతయు విని, “ఆవిడకి వంట వచ్చునా?” అని యొక్క ప్రశ్న వేసెను. దానిని రచించునాటికి తనకు వంట బొత్తిగా తెలియదని ఆ శిల్పినియే పిమ్మట చెప్పిన సంగతి దాచుటకు నాకు మనసొప్పలేదు.

“దుకాణం అబ్బాయికి రాదు, మా తమ్ముడికి రాదు, మీకు రాదు, జర్మనీ ఆవిడకీ రాదు. రోజూ అక్కడ నిలబడేదాన్ని నేను. నన్నెవరూ అడగరేం?”

అడిగితిమి. ఆమె కోరికలలో ద్వీపము లేదు. గట్టు మా అమ్మగారి పొట్టితనమునకు తగినట్లు కట్టినదగుటచే తన నడుము వంగిపోవుచున్నది. దానిని 34 అంగుళముల కెత్తవలెను. దీపము వెనుక నుండుటచే తన నీడయే కూరలపై పడుచున్నది. గూటి క్రింద నొక ఎల్‌ఈడీ దీపము కావలెను. ప్లగ్గు లేక మిక్సీని హాలులోనికి మోసికొని పోవలసివచ్చుచున్నది, గట్టుపైననే ప్లగ్గులుండవలెను. పోపులో ఎండుమిరపకాయలు వేగినపుడు వీధివారు సైతము దగ్గకుండ కిటికీపై ఎగ్జాస్ట్ ఫ్యాను చాలును. ఆవకాయ జాడీ ఏ సొరుగునందును పట్టదు గనుక, గట్టు క్రింద సొరుగులు వలదు, అరలు చాలును. అరలకు తలుపులును వలదు. “కనపడకపోతే ఉన్న ఇంగువే మళ్ళీ కొనుక్కొస్తారు మీరు.”

ఇక రాయి. ప్రకాశము జిల్లా చీమకుర్తిలో దొరకు, నల్లని నేలపై బంగారుచుక్కలు మెరయు గ్రానైటు ఓడలెక్కి దేశదేశములకు పోవుచున్నది. అంత దాపున నుండియు, పూర్తిపలక కొను యోగము మాకు లేకపోయెను. ఐనను పెద్దపలకలు కోయగా మిగిలిన ముక్కలు అంగడి వెనుక చౌకగా అమ్ముదురని మేస్త్రి చెప్పగా, రెండు ముక్కలు తెచ్చి, అతుకు సరిగా స్టవ్వు క్రిందికి వచ్చునట్లు పరపించితిమి. ప్రాత నాపరాళ్ళను కోయించి జాడీల అరలకు వాడితిమి. ఖర్చు లక్షయు నలువదివేలతో నిలిచెను.

పొయ్యి తన చోటినుండి అంగుళమైనను ప్రక్కకు కదలలేదు. ఐనను పాలుపొంగించిన నాడు బావమరిది విచ్చేసి, ఈమారు ఫ్రిజ్జునకు దూరముగా నిలిచి దిక్సూచి చూచి, “చూశారా, కచ్చితంగా ఆగ్నేయంలో పెట్టించాను!” అని బంధువుల అభినందనములను స్వీకరించెను.

వంటయింటిని మార్పదలచినవారు అందు వండువారిని ముందుగా నడుగుట మేలని నా సలహా. ఈ సలహా నిచ్చువాడును వంట యెరుగనివాడే గనుక, దీనిని గూడ మీ యింట వండువారికి చూపి, వారు సమ్మతించిన పిమ్మటనే పాటింపుడు.